కూలిన చెట్టు పొయ్యిలోకేనా? చెక్కపనిలో అపోహలు - వాస్తవాలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టాక రోజుల తరబడి వీధుల్లో రంపాల చప్పుడే. నీడనిచ్చిన చెట్లన్నీ ముక్కలై లారీలెక్కుతుంటే మనసు ఊరుకోలేదు. అడిగి, అనుమతి తీసుకుని ఒక నిద్రగన్నేరు దుంగ, ఒక వేప దుంగ తెచ్చుకున్నాను. అప్పటి నుంచి తరచూ వినే మాటలివి.

అపోహ: టేకు కాకపోతే పనికిరాదు.

ఎడ్లబండి చక్రానికి నల్లతుమ్మ, మాంసం కొట్టే మొద్దుకు చింత, బొబ్బిలి వీణకు పనస, ఏటికొప్పాక బొమ్మకు అంకుడు. మనవాళ్లు పనిని బట్టి కర్రను ఎంచుకున్నారు. పేరు కన్నా చేవ చూడండి. చాలా దుంగల్లో మధ్యన ముదురు రంగులో ఉండేది చేవ, చుట్టూ లేత రంగులో ఉండేది తెల్లచెక్క. పిండిపదార్థం ఉండేది తెల్లచెక్కలోనే కాబట్టి పురుగు ముందు దాన్నే పడుతుంది. మామిడిలో చేవ తేడా అంతగా కనబడదు. అందుకే కోసిన వెంటనే బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెడతాను.

అపోహ: ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది.

నా వేప పలకలు ఇలాగే పోయాయి. మేడ మీద ఎండలో పరిచాను, వారానికల్లా చివర్ల నుంచి చీలాయి. పైపొర ముందే ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఆ లాగుడుకే పగులు. చివర్ల నుంచి నీరు మరీ వేగంగా పోతుంది కాబట్టి అక్కడ మైనమో, చిక్కటి పెయింటో పూయాలి. నీడలో, నేలకు అడుగు ఎత్తున, పలకల మధ్య పుల్లలు పెట్టి, పైన బరువు ఉంచాలి. అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుంది. నేను నెలనెలా ఒక పలకను తూస్తాను. బరువు తగ్గడం ఆగితే ఆరినట్టే. కానీ మన సముద్రపు గాలిలో ఆరిన చెక్క ఏసీ గదిలోకి వెళ్తే ఇంకా ముడుచుకుంటుంది. అలాంటి ఇంటికి చేసేదైతే కుసులు (అతుకు కోసం చెక్క చివర చెక్కే నాలుకలు) కొట్టే ముందు కొన్ని వారాలు ఏసీ గదిలోనే ఉంచుతాను.

దుంగను అడ్డంగా కోసిన గుండ్రటి బిళ్లలు ఎందుకు పగులుతాయని చాలామంది అడుగుతారు. చెక్క మధ్యకేసి ముడుచుకునే దానికి దాదాపు రెట్టింపు చుట్టూ ముడుచుకుంటుంది. బిళ్ల చీలక తప్పదు. శిల్పానికైతే వెనక నుంచి బెండు భాగాన్ని (దుంగ నడిమధ్యన ఉండే మెత్తని భాగం) తొలిచేస్తే పగుళ్లు బాగా తగ్గుతాయి.

అపోహ: పాత ఇంటి దూలాలన్నీ పుచ్చే.

సుత్తితో తట్టండి. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే అనుమానించి స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. గట్టిదైతే, ఏళ్ల తరబడి ఆరిన చేవ మీకు ఊరికే దొరుకుతున్నట్టు. మేకులన్నీ తీసేదాకా చిత్రిక పట్టొద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, మాస్క్ లేకుండా గీకొద్దు.

అపోహ: రోడ్డు పక్కన కూలింది ఎవరైనా తీసుకోవచ్చు.

కాదు. అడిగి, కాగితం తీసుకోండి. నిలబడి ఉన్న చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ఉంది.

అపోహ: ఊరికే వచ్చిన చెక్కకు అంత ధరేంటి?

ఆ నిద్రగన్నేరు పలకలు మూడంగుళాల మందం. 2014 నవంబరులో షెడ్డులో పేర్చాను, 2018లో చిత్రిక పట్టాను. మధ్యలో మూడు వానాకాలాలు టార్పాలిన్ మారుస్తూ, చెదలు చూస్తూ కాపాడాను. ఇప్పుడది ఆరుగురు కూర్చుని భోంచేసే బల్ల.