గల్ఫ్‌ పోయేవాళ్ల హక్కులు: అపోహలు - వాస్తవాలు

జగిత్యాలలో వకీలుగా గల్ఫ్ కేసులు చూస్తుంటాను. ఇంటివాళ్ల నోట ఎక్కువగా వినేవి ఈ మాటలు.

"పాస్‌పోర్టు కఫీల్ (అక్కడి యజమాని) దగ్గరే ఉండాలె సార్, అక్కడి రూలంట."

కాదు. పాస్‌పోర్టు మన కేంద్ర ప్రభుత్వ ఆస్తి, 1967 పాస్‌పోర్టుల చట్టంలోనే ఆ మాట ఉంది. పనిచేసేవాడి గుర్తింపు కాగితాలు యజమాని గుంజుకోవడాన్ని అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్ఓ) వెట్టిచాకిరీకి ఉన్న 11 గుర్తుల్లో ఒకటిగా లెక్కిస్తుంది. ఖతార్‌లోనైతే 2015 నాటి 21వ నంబరు చట్టం ప్రకారం పతాకా (అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి కార్డు) పని అయిపోగానే పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేయాలి. మీ దగ్గరే ఉంచండని కార్మికుడు రాసిస్తేనే వాళ్లు పెట్టుకోవచ్చు. అందుకే చదవని కాగితం మీద సంతకం పెట్టొద్దని ఒకటికి రెండుసార్లు చెబుతాను.

"ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఉంది కదా!"

చదువుకున్న పిల్లలు అడుగుతారు. ఉంది. వలస కార్మికులు, వాళ్ల కుటుంబాల హక్కుల ఒప్పందం 1990 డిసెంబరు 18న వచ్చింది, 2003 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఆరు గల్ఫ్ దేశాల్లో ఒక్కటీ దాన్ని ఆమోదించలేదు. మన దేశమూ ఆమోదించలేదు, ఇన్ని ఊళ్లు ఖాళీ అయ్యాక కూడా. నాకు బాధంతా అక్కడే. అలాగని మన చేతిలో ఏమీ లేదని కాదు. బలవంతపు చాకిరీని నిషేధించే 1930 నాటి 29వ ఐఎల్ఓ ఒప్పందానికి ఆ ఆరు దేశాలూ, మనమూ కట్టుబడి ఉన్నాం. జీతం ఆపి, పాస్‌పోర్టు దాచి, ఇంటికి పోనియ్యకపోతే ఫిర్యాదులో ఆ ఒప్పందం పేరు రాయించండి.

"ఖల్లివెల్లి అయిండు (కఫీల్‌ను వదిలి కాగితాలు లేకుండా ఉంటుండు), పట్టుకుంటే ఎంబసీ కూడా పట్టించుకోదు."

ఇది చాలా నష్టం చేస్తున్న మాట. 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ అధికరణ వీసా ఉన్నవాడు, లేనివాడు అని చూడదు. అరెస్టయిన మనిషి కోరితే అక్కడి అధికారులు ఆలస్యం లేకుండా మన ఎంబసీకి తెలపాల్సిందే. కానీ నోరు తెరిచి అడగాలి. "మా ఎంబసీకి చెప్పండి" అనే ఒక్క మాట పోయేముందే నేర్పి పంపండి.

"విజిట్ వీసా మీద పోయి అక్కడ పని వీసాగా మార్చుకుందాం."

వద్దు. పద్ధతిగా పంపే రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగేది 30 వేలు, దానిపై జీఎస్టీ. అంతే. ఈసీఆర్ (పనికి పోయేముందు మన ప్రభుత్వ అనుమతి కావాల్సిన) పాస్‌పోర్టుతో పద్ధతిగా పోతే 10 లక్షల ప్రమాద బీమా ఉంటుంది. విజిట్ వీసా మీద పోయినవాడికి అది ఉండదు. శవపెట్టె వచ్చిన రోజు ఆ బీమా కాగితం కోసం ఇల్లంతా వెతికే తల్లులను చూశాను. పాస్‌పోర్టు, వీసా, అగ్రిమెంటు, బీమా కాగితం జిరాక్సులు ఒక సెట్టు ఇంట్లో పెట్టుకున్నాకే విమానం ఎక్కించండి.