దాచుకోవలసినవీ, దాచితే చెడేవీ

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో కొందరికి ఈ మధ్యే జీతం రావడం మొదలైంది, ఇంకొందరికి రేపో మాపో మొదలవుతుంది. "ఇప్పుడు అన్నీ మానుకుని డబ్బు కూడబెడితే, వయసు మళ్ళాక అయ్యో అనుకుంటామా?" అన్నది మీ ప్రశ్న. అనుకునేవాళ్ళు ఉన్నారు. కానీ వాళ్ళ బాధ ఎక్కడిదని తరచి చూస్తే, దాచిన డబ్బు దగ్గర అది కనబడదు. దాచడానికి వీల్లేనివాటిని కూడా డబ్బుతో పాటు వాయిదా వేశారు, బాధంతా అక్కడుంది.

దీన్ని శ్రద్ధగా పరిశీలించినవాళ్ళు ఉన్నారు. థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1995లో ఒక సంగతి చూపించారు. జరిగి కొద్దికాలమే అయితే మనిషి చేసిన పనికి ఎక్కువ బాధపడతాడు, ఏళ్ళు గడిచాక మాత్రం చేయని పనికే ఎక్కువ బాధపడతాడు. 2006లో రాన్ కివెట్జ్, అనాట్ కైనన్ ఇదే ప్రశ్నను సరదాలకూ సంయమనానికీ వర్తింపజేసి చూశారు. నిన్నమొన్నటి విషయాల్లో "అనవసరంగా ఖర్చుపెట్టాను" అన్న బాధ ముందుంటుంది. ఎంతో కాలం కిందటి విషయాల్లో ఆ బాధ చల్లారిపోయి, "ఆ ఆనందాన్ని వదులుకున్నానే" అన్నది పైకి వస్తుంది.

ఇది చదివి పర్సు తెరిచేయకండి. ఖర్చు చేసిన బాధ కాలంతో తగ్గాలంటే ఆ ఖర్చు అక్కడితో తీరిపోవాలి. అప్పు చేసి పెట్టిన ఖర్చు తీరదు. నెలకు 3 శాతం చొప్పున వడ్డీ మీద వడ్డీ పడే అప్పును కట్టకుండా వదిలేస్తే, 24 నెలల్లో రెట్టింపు దాటుతుంది. చేతిలో నాలుగు నెలల ఖర్చులు లేనందుకు అవమానాలు పడుతూ అదే ఉద్యోగంలో ఉండిపోవడమూ చేయని పనే. దాని బాధా తక్కువది కాదు. అందుకని మొదటి మెట్లలో బేరం లేదు. ముందు ఒక నెల ఖర్చులకు సరిపడా డబ్బు పక్కన పెట్టండి. తరువాత ఎక్కువ వడ్డీ ఉన్న అప్పులన్నీ తీర్చండి. ఆపైన ఆరోగ్య బీమా, మూడు నుంచి ఆరు నెలల ఖర్చులకు అత్యవసర నిధి. ఇంతవరకూ గట్టిగానే ఉండండి.

అక్కడినుంచి లెక్క మారుతుంది. దాచిన డబ్బు మీద, ధరల పెరుగుదల పోగా ఏటా 4 శాతం రాబడి మిగులుతుందనుకుందాం. 25వ ఏట దాచిన 100, 60 ఏళ్ళ వయసుకి సుమారు 395 అవుతుంది. 35వ ఏట దాచినది 267, 45వ ఏట దాచినది 180. పదేళ్ళు ఆలస్యమైతే మూడో వంతు పోయినట్టే. చక్రవడ్డీ గురించి చెప్పేవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు, రెండో సగం చెప్పరు. జీతం కూడా పెరుగుతుంది కదా. 100 వచ్చేటప్పుడు 40 దాచడమంటే నోరు కట్టుకోవడం. 200 వచ్చేటప్పుడు అదే 40 దాస్తే పెద్దగా తెలియదు. ఆర్థికవేత్తలు ఫ్రాంకో మోడిగ్లియానీ, రిచర్డ్ బ్రమ్‌బర్గ్ 1950ల్లో చెప్పిన సిద్ధాంతం సారం ఇదే: మనిషి ఏ ఏటికి ఆ ఏడు వచ్చినదాన్ని బట్టి కాక, జీవితం మొత్తం మీద వచ్చేదాన్ని చూసుకుని ఖర్చును సర్దుకుంటాడు.

మరి ఆచరణలో ఎందుకు చెడుతుంది? జీతం పెరిగిన మరుసటి నెలకే ఖర్చు కూడా పెరిగి దానితో సమానమైపోతుంది కనుక. దీనికి నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి, ప్రతి పెంపులో సగం దాచడం. జీతం 100 ఉన్నప్పుడు 15తో మొదలుపెట్టండి. 120 అయ్యాక 25 దాచండి, 200 అయ్యేసరికి 65 దాస్తుంటారు. దాదాపు మూడో వంతు. ఈ దారిలో ఒక్క ఏడాది కూడా ముందటి ఏడాదికన్నా ఇరుకుగా బతకనక్కర్లేదు. ధరలు వేగంగా పెరిగే ఏడాదిలో మాత్రం, ధరల మేరకు వచ్చిన పెంపును పెంపుగా లెక్కించకండి. మిగిలినదానిలోనే సగం తీయండి.

ఇక అసలు సంగతి. మీరు వద్దనుకునే ప్రతిదాన్నీ ఒక ప్రశ్న అడగండి: ఇది పదేళ్ళ తరువాత ఇలాగే దొరుకుతుందా? పెద్ద ఇల్లు, కొత్త మోడల్ ఫోను, ఖరీదైన బండి, గదినిండా సామాను దొరుకుతాయి, బహుశా ఇంకా మెరుగ్గా. వీటిని మానుకున్నందుకు ముసలితనంలో ఎవరూ పెద్దగా కుమిలిపోరు. శరీరం అలా కాదు. పంటి పైపొర ఒకసారి పోతే తిరిగి పెరగదు. చిన్న పుచ్చుగా ఉన్నప్పుడు నింపించుకుంటే ఒక పూటలో అయిపోయేది, వదిలేస్తే నరం దాకా వెళ్ళి, రూట్ కెనాల్ చికిత్సకో పన్ను తీయించుకోవడానికో వస్తుంది. ఎముకలు దాదాపు 30 ఏళ్ళలోపే తమ గరిష్ఠ గట్టిదనానికి చేరతాయి, కాబట్టి ఆ వయసులో తిండి తగ్గించి మిగిల్చినది మిగులు కాదు. నిద్ర, కళ్ళద్దాలు, రోజంతా కూర్చునే కుర్చీ కూడా ఈ కోవలోవే.

మనుషులు అంతకన్నా ముఖ్యం. అమ్మానాన్నలు ఓపికగా నడవగలిగిన ఏళ్ళు కొన్నే. స్నేహితుడి పెళ్ళి ఒక్కసారే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. బరువు మోసుకుంటూ, దొరికినచోట పడుకుంటూ చేసే ప్రయాణం ఇరవైల్లో చవగ్గా అవుతుంది. యాభైల్లో అదే ప్రయాణానికి ఎన్నో రెట్లు ఖర్చుపెట్టాలి, అప్పటికి ఆ కోరిక ఉంటుందన్న నమ్మకమూ లేదు. క్వాయిడ్‌బాక్, గిల్బర్ట్, విల్సన్ 2013లో ప్రచురించిన పరిశోధనలో, 18 నుంచి 68 ఏళ్ళ వయసున్న 19,000 మందికి పైగా పాల్గొన్నారు. గడిచిన పదేళ్ళలో తాము ఎంతో మారామని ఒప్పుకుంటూనే, రాబోయే పదేళ్ళలో పెద్దగా మారమని అన్ని వయసులవాళ్ళూ అనుకున్నారు. ఇప్పటి కోరికను ముప్పై ఏళ్ళ తరువాతి మనిషి కోసం దాచిపెడితే, అతనికి అది అక్కర్లేకపోవచ్చు.

ఒక నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి. మొదటిది, ఏమి మానుకున్నాను. రెండోది, ఇది ఏ సంవత్సరం వరకు వీలవుతుంది. మూడోది, ఇందులో నాతోపాటు ఎవరున్నారు. మూడు నెలలకోసారి తిరగేయండి. రెండో గడిలో సంవత్సరం పడ్డవాటికి, మూడో గడిలో పేరున్నవాటికి డబ్బు కేటాయించాలి. అందుకోసం విడిగా ఒక ఖాతా తెరిచి, జీతంలో ఐదు నుంచి పది శాతం అందులోకి దానంతటదే వెళ్ళేట్టు చేయండి. విడి ఖాతా ఎందుకంటారా? పొదుపు అలవాటైన చేతికి ప్రతి ఖర్చూ గుచ్చుకుంటుంది, ప్రతిసారీ తనతో తాను వాదించుకోవాలి. ముందే విడదీసిన డబ్బు దగ్గర ఆ వాదన ఒక్కసారితో ముగుస్తుంది.

ఆ గుచ్చుకోవడం గురించి ఒక మాట. స్కాట్ రిక్, సింథియా క్రైడర్, జార్జ్ లోవెన్‌స్టైన్ అనే పరిశోధకులు 2008లో పొదుపరికీ పిసినారికీ తేడా చెప్పారు. పొదుపరికి దాచడంలో ఆనందం ఉంటుంది, పిసినారికి ఖర్చు చేయడంలో నొప్పి ఉంటుంది. మీరెటువైపున్నారో తెలుసుకోవడానికి, ఎంత కూడబెట్టాలో, దేనికో ముందే తేదీ వేసి రాసుకోండి. ఆ మొత్తం చేతికందాక కారణమేమీ లేకుండా అంకెను పెంచేస్తుంటే, స్నేహితులు పిలవడం మానేశారని గమనించినా పట్టనట్టు ఉంటే, అది పొదుపు దాటిపోయిందని అర్థం.

వచ్చినది అవసరాలకే చాలని పిల్లలకు ఈ ఉత్తరంలో చాలా భాగం వర్తించదు. వాళ్ళు మానుకున్నది ఇష్టపడి కాదు, తప్పక. దాన్ని తమ తప్పుగా మోయవద్దని వాళ్ళకు నా మనవి.

ఏడాది చివర ఆ విడి ఖాతాలో డబ్బు మిగిలితే, దాన్ని పొదుపులో కలపకండి. మీలో చాలామంది చేసేది అదే. ఒక్క ఏడాది వరకే ముందుకు జరపండి. అప్పటికీ మిగిలితే, మూడో గడిలో పేరున్న మనిషికి ఫోను చేసి, ఏ రోజు వీలవుతుందో అడిగి, టికెట్లు తీసేయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య