ఇంటి చెత్తతో ఇథనాల్: చిక్కంతా నీళ్లతోనే

వంటింటి చెత్తతో ఇథనాల్ చేసి బండి నడిపేయొచ్చని చెప్పే వీడియోలకు యూట్యూబ్‌లో కొదవ లేదు. వాటిలో చెప్పేది పూర్తిగా అబద్ధమేమీ కాదు. చక్కెర ఉన్న రసం ఏదైనా ఈస్ట్ తగిలితే పులుస్తుంది, ఆల్కహాల్ పుడుతుంది. ఆ ఆల్కహాలే ఇథనాల్. పొద్దున తియ్యగా ఉన్న తాటికల్లు సాయంత్రానికి ఘాటెక్కేది అందుకే. కానీ ఆ వీడియోల్లో ఒక లెక్క కనబడదు. గ్యాస్ బండ లెక్క.

ఈస్ట్ తన పని మాత్రం భలే పొదుపుగా చేస్తుంది. 180 గ్రాముల గ్లూకోజ్ నుంచి గరిష్ఠంగా 92 గ్రాముల ఇథనాల్ వస్తుంది, మిగతా 88 గ్రాములు కార్బన్ డయాక్సైడ్ బుడగలై పోతాయి. బరువు సగమైనా, గ్లూకోజ్‌ను కాల్చితే వచ్చే వేడిలో దాదాపు 97 శాతం ఇథనాల్‌లోనే మిగిలి ఉంటుంది.

అయితే ఈస్ట్‌కు కావలసింది చక్కెర. మిగిలిన అన్నంలో ఉండేది పిండిపదార్థం, దాన్ని ముందు ఎంజైములతో విడగొట్టాలి. కూరగాయల తొక్కల్లో, కాడల్లో ఎక్కువగా ఉండేది సెల్యులోజ్ అనే పీచు, అది ఇంకా మొండిది. వరిగడ్డి నుంచి ఇథనాల్ తీయడానికి పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ కట్టిన ప్లాంటుకు 900 కోట్ల రూపాయలకు పైగా ఖర్చయిందంటే ఊహించుకోండి.

సరే, తేలికైన సరుకే తీసుకుందాం: బాగా మగ్గిన మామిడి గుజ్జు, 10 కిలోలు. అందులో చక్కెర సుమారు 1.4 కిలోలు. అంతా సవ్యంగా పులిసినా, వృథా పోగా చేతికొచ్చే ఇథనాల్ 700 మిల్లీలీటర్లు అనుకోవచ్చు. లీటరు ఇథనాల్‌లో 21 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది, పెట్రోల్‌లో 32 దాకా. అంటే మన 700 మిల్లీలీటర్ల విలువ దాదాపు 15 మెగాజౌళ్లు, అర లీటరు పెట్రోల్‌కు కూడా తూగదు.

ఆ ఇథనాల్ ఇంకా పులిసిన రసంలోనే, అంటే ఊటలోనే ఉంది, చుట్టూ దానికి పది రెట్లకు పైగా నీళ్లు. మామూలు బిందె, గొట్టంతో బట్టీ పెట్టి, ఆవిరిని చల్లార్చి పట్టాలంటే, మొత్తం ఊటను కాచాలి, అందులో మూడో వంతు ఆవిరి చేయాలి. ఇంటి పొయ్యి వేడిలో కొంత గాలికి పోతుంది కాబట్టి, దీనికే సుమారు 14 మెగాజౌళ్లు ఖర్చు. అంటే 300 గ్రాముల వంటగ్యాస్! ఇంతా చేస్తే వచ్చేది పావు వంతు కూడా ఆల్కహాల్ లేని ద్రవం. దాన్ని మళ్లీ, మళ్లీ కాచాలి. ఎన్నిసార్లు కాచినా 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది, ఎందుకంటే ఆ పాళ్లలో నీళ్లూ ఆల్కహాలూ కలిసే ఆవిరవుతాయి. పెట్రోల్‌లో కలపాలంటే 99 శాతం దాటాలి. లేకపోతే నీళ్లు విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. ఆ చివరి నీటిని లాగేయడానికి ఫ్యాక్టరీల్లో జియోలైట్ గుళికలు వాడతారు. చెరకు పిప్పిని కాల్చుకుని, ఒకచోటి వేడిని ఇంకోచోట వాడుకుంటారు కాబట్టి వాళ్లకు గిట్టుబాటవుతుంది.

పైగా లైసెన్సు లేకుండా బట్టీ పెట్టడం ఎక్సైజ్ నేరం. 'బెల్లం ఊట ధ్వంసం' అనే వార్తలు మనకు కొత్త కాదు. బండి కోసమే కాచానంటే ఎక్సైజ్ వాళ్లు వింటారా? ఆవిరి లీకై మంట అంటుకునే ప్రమాదం వేరే ఉంది.

అదే చెత్తను గాలి చొరబడని డ్రమ్ములో వేస్తే, బ్యాక్టీరియా మీథేన్ అనే మండే గ్యాస్ తయారుచేస్తుంది. మీథేన్ నీళ్లలో పెద్దగా కరగదు, తనంతట తానే పైకి వస్తుంది. వేరు చేయడానికి పొయ్యి వెలిగించక్కర్లేదు. ఆ బ్యాక్టీరియా అన్నం, పిండి, పాడైన పండ్లు దేన్నీ వదలదు. పుణెలోని ఆర్తి సంస్థ ఇలాంటి చిన్న ఇంటి ప్లాంటుకే 2006లో, పర్యావరణానికి మేలు చేసే ఇంధన పనులకిచ్చే ఆష్డెన్ అవార్డు అందుకుంది. వాసన లేకుండా చూసుకోవడం, చలికాలంలో గ్యాస్ తగ్గడం లాంటి తలనొప్పులు దీనికీ ఉన్నాయి. అయినా లెక్క మాత్రం మన వైపే. హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్లో రోజుకు 10 టన్నుల చెత్తతో దాదాపు 500 యూనిట్ల కరెంటు తీసేలా ప్లాంటు పెట్టారు. టెక్నాలజీ తార్నాకలోని ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ) వాళ్లది. మార్కెట్ వంటశాలకు కూడా ఆ గ్యాసే.