మొదటి మడతచాకు కొనబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. జేబులో పెట్టుకునే మడతచాకుల మీద మీ అందరికీ ఒకేసారి మనసు మళ్ళినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. మీరడిగిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం స్టీల్ పేర్ల గురించే. డీ2 కొనాలా, ఎస్30వీ కొనాలా, మాగ్నాకట్ నిజంగానే అంత గొప్పదా అని. అన్నిటికీ చెప్తాను. అయితే చాకు చక్కగా కొయ్యాలంటే ముందు చూడాల్సింది అంచు ఎంత సన్నగా ఉందన్నది. ఆ తరవాత, ఆ ఉక్కుకి హీట్ ట్రీట్‌మెంట్ ఎలా చేశారన్నది. స్టీల్ పేరు ఆ రెండిటి వెనకే వస్తుంది. అందుకని నేను అంచు దగ్గర్నుంచే మొదలుపెడతాను.

ఒకే స్టీల్‌తో చేసిన రెండు చాకులు తీసుకోండి. పదును పెట్టిన గీతకి కాస్త పైన ఒకదాని మందం 0.3 మిల్లీమీటర్లు, రెండోదాని మందం 0.8 అనుకుందాం. రెండిటికీ ఒకే కోణంలో పదును పెట్టి, మందపాటి అట్టపెట్టె కోసి చూడండి. మొదటిది ఇట్టే జారుకుంటూ పోతుంది. రెండోది సగందాకా వెళ్ళి బిగుసుకుంటుంది. అప్పుడు మీరు బలం పెడతారు. బలం పెట్టినప్పుడే చెయ్యి జారి వేళ్ళు తెగుతాయి. స్విస్ సైన్యం చాకులు చేసే విక్టోరినాక్స్ వాళ్ళ బ్లేడు ఈ రోజుల లెక్కలో మెత్తటిదే. ఫ్రాన్స్‌లో 1890 నుంచీ వస్తున్న ఒపినెల్‌లో కూడా గొప్ప స్టీలేమీ ఉండదు. అయినా ఆ రెండూ కొన్ని ఖరీదైన చాకులకన్నా హాయిగా కోస్తాయి. కారణం వాటి బ్లేడు పలచన.

అంచుకి ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీల కోణం మామూలు పనులకి సరిపోతుంది. కోణం తగ్గేకొద్దీ కోత తేలికవుతుంది, కానీ మెత్తటి స్టీల్ అయితే అంచు పక్కకి ఒరిగిపోతుంది, పెళుసు స్టీల్ అయితే పెచ్చులూడుతుంది. బ్లేడు ఆకారం గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. మొన కొంచెం కిందికి దిగిన డ్రాప్ పాయింట్ అన్నిటికీ పనికొస్తుంది. తాళ్ళూ పెట్టెలూ కొయ్యడమే ఎక్కువైతే అంచు తిన్నగా ఉండి, మొన మొద్దుగా ఉండే షీప్స్‌ఫుట్ బాగుంటుంది. కొత్తగా నేర్చుకునే చేతికి అదే నయం, పొడుచుకునే భయం తక్కువ.

ఇక ఉక్కు. ఇనుముకి కొంచెం కార్బన్ కలిస్తే ఉక్కు. దాన్ని బాగా కాల్చి చటుక్కున చల్లారిస్తే గట్టిపడుతుంది, కానీ గాజులా పెళుసుగా ఉంటుంది. అప్పుడు తక్కువ వేడిలో మళ్ళీ కాస్సేపు ఉంచి ఆ పెళుసుదనం తగ్గిస్తారు. హీట్ ట్రీట్‌మెంట్ అంటే ఇంతే. అయితే ఎంత వేడి, ఎంతసేపు, ఎంత త్వరగా చల్లార్చడం అన్నవాటిలో చిన్న తేడా వచ్చినా మంచి స్టీల్ కాస్తా నాసిరకంగా తయారవుతుంది. ఉక్కు ఎంత గట్టిపడిందో రాక్‌వెల్ సీ స్కేలులో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ గట్టిదనం ఎక్కువ. వజ్రపు మొన ఉన్న చిన్న శంకువుని 150 కిలోల బరువుతో ఉక్కులోకి నొక్కి, ఎంత లోతుకి దిగిందో చూస్తారు. మడతచాకులు సాధారణంగా 56 నుంచి 62 మధ్య ఉంటాయి. ఒకే పేరున్న స్టీల్ 58 దగ్గర ఒకలాగా, 62 దగ్గర ఇంకోలాగా నడుచుకుంటుంది. అందుకే స్టీల్ పేరుతో పాటు ఈ అంకె కూడా బయటపెట్టే కంపెనీ మీద నాకు గౌరవం ఎక్కువ.

స్టీల్‌లో మనం కోరుకునేవి నాలుగు. అంచు ఒరగకుండా గట్టిదనం, దెబ్బ తగిలితే విరగకుండా తట్టుకునే గుణం, త్వరగా అరగకపోవడం, తుప్పు పట్టకపోవడం. నాలుగూ ఒకేసారి పూర్తిగా దొరకవు. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది. కొత్త స్టీల్ వచ్చినప్పుడల్లా దేన్ని పెంచారు, దేన్ని వదులుకున్నారు అని అడిగితే సగం విషయం తెలిసిపోతుంది.

1095 అనే స్టీల్ చూడండి. అందులో దాదాపు 0.95 శాతం కార్బన్, క్రోమియం లేనట్టే. చక్కటి పదును వస్తుంది, సానరాయి మీద మాట వింటుంది. కానీ తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. ఆ బ్లేడుతో పుల్లటి పండు కోసి కాస్సేపు అలాగే ఉంచితే ఉక్కు మీద నీలం, బూడిద రంగుల మచ్చలు తేలుతాయి. కొన్నాళ్ళకి బ్లేడంతా ఆ రంగు పరుచుకుంటుంది. అది పాడైనట్టు కాదు. ఆ పొర ఎర్ర తుప్పుని కొంత అడ్డుకుంటుంది కూడా. ప్యాటినా అంటారు దాన్ని. ఏ రెండు చాకుల మీదా ఒకేలా రాదు.

తుప్పుకి మందు క్రోమియం. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉండే లోహం కోసం వెతుకుతూ, సుమారు 13 శాతం క్రోమియం ఉన్న ఉక్కు తయారుచేశాడు. అది తుప్పు పట్టడం లేదని గమనించాడు. చాకుల ఊరు కాబట్టి అక్కడ దాని విలువ త్వరగానే తెలిసింది. మరి డీ2లో కూడా 12 శాతం దాకా క్రోమియం ఉంది కదా, అది ఎందుకు మచ్చలు పడుతుంది అని మీలో ఒకరు అడిగారు. చాలా మంచి ప్రశ్న. డీ2లో కార్బన్ కూడా ఎక్కువే, 1.5 శాతం. ఆ కార్బన్ చాలా క్రోమియాన్ని పట్టుకుని కార్బైడ్లనే గట్టి రేణువులుగా మారిపోతుంది. అలా చిక్కుకున్న క్రోమియం తుప్పుని ఆపలేదు. ఉక్కులో కరిగి మిగిలింది మాత్రమే ఆపుతుంది.

కార్బైడ్ల సంగతి అర్థమైతే మిగతా స్టీళ్ళన్నీ అర్థమవుతాయి. కాంక్రీటులో కంకర ఎలాగో, ఉక్కులో కార్బైడ్లు అలాగ. అరుగుదలని తట్టుకునేవి అవే. కానీ అవి పెద్దపెద్దవిగా ఉంటే సన్నటి అంచులోంచి ఊడివస్తాయి, అంచు పెచ్చులూడుతుంది. మామూలుగా పోత పోసిన ఉక్కు నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి అవి పెద్దవిగా పెరుగుతాయి. దీనికి పౌడర్ మెటలర్జీ అనే పద్ధతి కనిపెట్టారు. కరిగిన ఉక్కుని గ్యాసుతో చిమ్మితే సన్నటి పొడిగా మారి వెంటనే గడ్డకడుతుంది, కార్బైడ్లకి పెరగడానికి సమయం దొరకదు. ఆ పొడిని వేడిలో గట్టిగా నొక్కి మళ్ళీ దిమ్మగా చేస్తారు. అమెరికాలో క్రూసిబుల్ కంపెనీ 2001లో తెచ్చిన ఎస్30వీ, ఆస్ట్రియా బోలర్ కంపెనీ ఎం390 ఇలాంటివే. ఈ రెండిటిలోనూ 4 శాతం వెనేడియం అనే లోహం ఉంది, అది కార్బన్‌తో కలిసి చాలా గట్టి కార్బైడ్లవుతుంది. మాగ్నాకట్‌ని ల్యారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త రూపొందించాడు, 2021లో వచ్చింది. అందులో క్రోమియం 10.7 శాతమే, డీ2 కన్నా తక్కువ. అయినా తుప్పుని బాగా తట్టుకుంటుంది. సరైన హీట్ ట్రీట్‌మెంట్ తరవాత అందులో క్రోమియం కార్బైడ్లు మిగలకుండా పాళ్ళు కుదిర్చాడు. ఉన్న క్రోమియమంతా తుప్పుని ఆపే పనిలోనే ఉంటుంది. ఆ ఆలోచన చదివినప్పుడు నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. అవును, మాగ్నాకట్ గొప్పదే.

అయినా మీ మొదటి చాకుకి అది వద్దంటాను. అందులో కూడా ఉండే వెనేడియం కార్బైడ్లు మామూలు సానరాళ్ళలో వాడే అల్యూమినియం ఆక్సైడ్ కన్నా గట్టివి. అవి ఎక్కువగా ఉన్న స్టీల్‌ని ఆ రాయి మీద ఎంత నూరినా పని సాగదు, డైమండ్ ప్లేటు కావాలి. పదును పెట్టడం రానివాళ్ళ చేతిలో అరగని స్టీల్ ఉంటే, అది మొద్దుబారాక మొద్దుగానే ఉండిపోతుంది. 14సీ28ఎన్ అనే స్వీడన్ స్టీల్ తీసుకోండి. కార్బన్ 0.62 శాతమే, క్రోమియం 14, కొంచెం నైట్రోజన్. కార్బైడ్లు చాలా చిన్నవి, తుప్పు భయం లేదు, సన్నటి అంచు నిలుస్తుంది, నాలుగు నిమిషాల్లో పదును మళ్ళీ ఎక్కుతుంది. అది దొరక్కపోతే 420హెచ్‌సీ, ఏయూఎస్-8, 8సీఆర్13ఎంవోవీ, ఏదైనా ఫరవాలేదు.

పదును పెట్టడం ఇప్పుడే నేర్చుకోండి, పెద్దవాళ్ళ ఎదుటే. చాకు అంచుని దీపం వైపు తిప్పి, పైనుంచి తిన్నగా చూడండి. పదునున్న చోట ఏమీ కనిపించదు. మొద్దుబారిన చోట సన్నటి తెల్లటి మెరుపు కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ వెలుగు పడడానికి చదునైన జాగా ఏర్పడింది. ఆ మెరుపు పోవాలి, అదే పని. అంచు పక్కన మార్కర్ పెన్నుతో రంగు పూసి, రాయి మీద ఒకటి రెండు సార్లు లాగి చూస్తే మీ కోణం సరిగ్గా ఉందో లేదో తెలుస్తుంది. రంగు పైవైపే చెరిగితే చాకుని మరీ పడుకోబెట్టారు, కొసనే చెరిగితే మరీ ఎత్తారు. ఒక వైపే నూరుతూ పోతే, రాయి అంచు కొసని తాకాక అవతలి వైపుకి సన్నటి లోహపు పొర ఒరుగుతుంది. దాని పేరు బర్. బొటనవేలిని వెన్ను, అంటే అంచుకి ఎదురుగా ఉండే మొద్దు వైపు, నుంచి అంచు వైపుకి మెల్లగా జార్చి బయటికి తీసేస్తే గరుకుగా తగులుతుంది. అంచు పొడవునా మాత్రం వేలు ఎప్పుడూ నడపొద్దు. పొడవంతా బర్ వచ్చాకే రెండో వైపు తిప్పాలి. చివర్లో చెయ్యి బాగా తేలిక చేసి ఆ పొరని తీసెయ్యాలి, తోలు పట్టీ మీద వెన్ను ముందుండేలా నాలుగుసార్లు లాగాలి. బర్ తియ్యకుండా ఆపేస్తే చాకు మొదటిరోజు బ్రహ్మాండంగా కోసి, మర్నాటికి మొద్దుబారుతుంది. చాలామంది స్టీల్‌ని తిట్టేది అక్కడే.

తెరిచిన బ్లేడు దానంతటది మూసుకోకుండా ఆపే లాకుల గురించి. మామూలు విక్టోరినాక్స్ చాకుల్లో లాకు ఉండదు, స్ప్రింగు బిగువుతోనే నిలబడుతుంది, స్లిప్‌జాయింట్ అంటారు. ఒపినెల్‌కి 1955లో లాకుగా తిప్పే ఉంగరం వచ్చింది. బక్ కంపెనీ 110 మోడల్ 1964లో పిడి వెన్ను మీద నొక్కి వదిలించే బ్యాక్ లాకుని ఇంటింటికీ పరిచయం చేసింది. స్పైడెర్కో 1981లో జేబుకి తగిలించే క్లిప్పు, ఒంటిచేత్తో తెరిచే గుండ్రటి రంధ్రం తెచ్చింది. ఈ రోజు కనిపించే సగం చాకుల రూపం అక్కణ్ణుంచి వచ్చిందే. పిడి లోపలి రేకు బ్లేడుని ఆపే లైనర్ లాకు, పిడిలో ఒక భాగమే ఆపే ఫ్రేమ్ లాకు ఉన్నవాటిని మూసేటప్పుడు బొటనవేలు బ్లేడు దారిలోనే ఉంటుంది. లాకు వదిలి, బ్లేడు కొంచెం కదలగానే ఆపి, వేలు తీసేసి, అప్పుడు మూయండి. ఈ అలవాటు పడేదాకా స్లిప్‌జాయింట్ గానీ, పిడికి అడ్డంగా ఉండే కడ్డీతో ఆపే, వేళ్ళు దారిలోకి రాని క్రాస్‌బార్ లాకు గానీ మంచిది. కొనేటప్పుడు తెరిచి పట్టుకుని బ్లేడుని పక్కలకీ, పైకీ కిందికీ కదిపి చూడండి. ఊగితే తీసుకోవద్దు. లాకు మీద నమ్మకంతో వెన్ను మీద బలం పెట్టొద్దు, మూతలు పెకలించడానికి మొన వాడొద్దు. ఒకరికిచ్చేటప్పుడు మూసి ఇవ్వండి.

స్కూలుకి తీసుకెళ్ళకూడదు. విమానంలో చేతిసంచిలో కూడదు. చట్టం దేశానికొకలా ఉంటుంది. బ్రిటన్‌లో కారణం చెప్పకుండా దగ్గర పెట్టుకోవాలంటే లాకు లేని మడతచాకు, అంచు 3 అంగుళాల లోపే ఉండాలి. మీరుండే చోట, వెళ్ళే చోట నియమం ఏమిటో కనుక్కున్నాకే జేబులో పెట్టండి.

పోగెయ్యడం గురించి కూడా అడిగారు. కంటికి నచ్చినవన్నీ కొంటూ పోతే డబ్బు పోతుంది, ఏదీ ఒంటబట్టదు. ఒక దారం పట్టుకోండి. ఒకే మోడల్‌ని వేర్వేరు స్టీళ్ళలో సేకరిస్తే, పనితనంలో తేడా ఆకారంవల్ల కాదు, ఉక్కువల్లే వచ్చిందని మీ చేతికే తెలుస్తుంది. స్పైడెర్కో వాళ్ళ మ్యూల్ టీమ్ ఇందుకోసమే, ఒకే ఆకారపు మడవని బ్లేడుని ఎన్నో స్టీళ్ళలో చేస్తారు. పాతవి ఇష్టమైతే బ్లేడు మొదట్లో ఉండే ముద్ర చదవడం నేర్చుకోండి. కేస్ కంపెనీ 1970లో ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏడాదికొకటి తీసేస్తూ వచ్చింది. మూడు చుక్కలుంటే అది 1977 నాటిది. బ్లేడు ఎంత అరిగిందో ఫొటోల్లోని కొత్తదానితో పోల్చండి. తెరుస్తూ మూస్తూ చప్పుడు వినండి. బిగువుగా కదిలి టక్కుమని నిలబడాలి, సేకరించేవాళ్ళు దీన్ని వాక్ అండ్ టాక్ అంటారు. పాత చాకుని మెరిసేలా పాలిష్ చెయ్యొద్దు, ముద్ర అరిగిపోతుంది, ప్యాటినా పోతుంది, విలువ పడిపోతుంది. ఎర్ర తుప్పు ఉంటే నూనె రాసి మెత్తటి గుడ్డతో రుద్దండి, చాలు.

దాచేటప్పుడు తోలు ఒరలో ఉంచొద్దు, తోలు తేమని పట్టి ఉంచుతుంది. పొడిగా తుడిచి, ఇరుసు దగ్గర ఒక చుక్క నూనె వేసి, విడివిడిగా గుడ్డలో పెట్టండి. సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ పిడి ఉన్నవాటిని మాత్రం వేరే పెట్టెలో, గాలి ఆడేలా ఉంచాలి. ఆ పదార్థం ముసలిదయ్యేకొద్దీ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరికి పక్కనున్న చాకుల బ్లేడ్లు కూడా తుప్పు పడతాయి. పిడి పగుళ్ళిచ్చినా, దగ్గరున్న ఇత్తడి ఆకుపచ్చగా మారినా వెంటనే దాన్ని మిగతావాటి నుంచి తప్పించండి.

రాయి కొన్నాక, మొదటిసారి బర్ ఎక్కడ వచ్చిందో, ఎక్కడ రాలేదో బొమ్మ గీసి పంపండి. ఏ చోట చెయ్యి కదిలిందో చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య