దెయ్యం చేపను పక్షులు తేలేదు: అపోహలు – వాస్తవాలు

ఆక్వా సలహాల పని మీద భీమవరం చుట్టుపక్కల ఏ చెరువు గట్టెక్కినా ఇదే మాట: "ఈ దెయ్యం చేపను వలస పక్షులే తెచ్చాయండీ."

అపోహ: దెయ్యం చేప (సక్కర్ ఫిష్) పక్షులతో వచ్చింది.

వాస్తవం: ఇది దక్షిణ అమెరికా నదుల చేప. అక్వేరియంలో నాచు తింటుందని మనుషులే తెచ్చారు, పెద్దదయ్యాక కాలువల్లో వదిలేశారు. గట్టులో బొరియ తవ్వి లోపల గుడ్లు పెడుతుంది, మగచేప కాపలా ఉంటుంది. బాతు ముక్కు అక్కడిదాకా పోదు. పక్షులు అసలేమీ మొయ్యవని కాదు. 2020లో వెలువడిన ఒక ప్రయోగంలో బాతులకు కార్పు గుడ్లు తినిపిస్తే వెయ్యికి రెండు చొప్పున రెట్టలో చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. అంతే!

ఈ పుకారు నమ్మి పక్షుల్ని తోలే టపాసులకు, చెరువు మీద కట్టే వలలకు డబ్బు పోస్తున్నారు. చెరువులోకి నీళ్లు తోడే మోటారు గొట్టానికి మాత్రం సన్నకన్ను వల కట్టరు. ఇది వచ్చేది ఆ నీళ్లతోనే. ధవళేశ్వరం నుంచి చివరి బోదె (పిల్లకాలువ) దాకా మన నీళ్లన్నీ కలిసే ఉన్నాయి కదా. డ్రెయిన్‌లో ఆక్సిజన్ పడిపోతే కట్ల, శీలావతి చస్తాయి. దెయ్యం చేప మాత్రం పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది. అందుకే ఇక్కడ పాతుకుపోయింది.

ఈమధ్య ఒక చెరువు పట్టుబడిలో వలకు చిక్కిన దెయ్యం చేపల్ని కూలీలు పక్క బోదెలోకి విసురుతున్నారు. చంపితే పాపమట. మళ్లీ చెరువుకు తోడేది ఆ బోదె నీళ్లే! రైతు భార్య గట్టులో బొరియ చూపించింది. చెయ్యి పెడితే మోచేతిదాకా దిగింది. "గట్టు తెగిపోద్దాండీ?" అని ఆమె టెన్షన్. ఇప్పుడే తెగదమ్మా, పట్టుబడి అవగానే చెరువు ఎండగట్టి, బొరియలు మట్టితో కూరి దిమ్మిస కొట్టించండి అన్నాను. ఈ చేప గట్టున పడేసినా గంటల తరబడి చావదు, గొయ్యి తీసి పూడ్చాల్సిందే.

మన చేపల్ని వేటాడి తింటుందా? లేదు. నాచు, అడుగు పాచి గీక్కు తింటుంది. నష్టమల్లా మేతకు, వలలకు, గట్లకు.

పులస ఆస్ట్రేలియా నుంచి వస్తుందా? రాదు. అది బంగాళాఖాతం చేపే, గుడ్లు పెట్టడానికి వరదకు ఎదురీది గోదారిలోకి వస్తుంది. ఏటా వచ్చిపోయే ఆ చేపకూ, మనం తెచ్చి వదిలితే ఉండిపోయిన దీనికీ పోలిక పెట్టకండి.

మరి గుర్రపు డెక్కను పక్షులే తెస్తాయా? దాని గింజలు పక్షుల కాళ్ల బురదలో రావచ్చు. కానీ మన కాలువలు పూడిపోయేది ఎక్కువగా తెగి కొట్టుకొచ్చిన మొక్కలతోనే.

ఇంట్లో అక్వేరియం చేప పెద్దదైతే కొన్న షాపుకే తిరిగి ఇవ్వండి, కాలువలో వదలొద్దు.