కాలీ లైనక్స్ ఎక్కించుకుంటే హ్యాకర్ అయిపోతారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

"అన్నా, హ్యాకింగ్ నేర్చుకోవాలి, ఏ టూల్‌తో మొదలుపెట్టమంటారు?" వారానికి ఒకరైనా ఇదే అడుగుతారు. అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ల్యాప్‌టాప్‌లో కాలీ లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించేసి, అందులో ఉన్న వందల టూల్స్‌లో ఏది నొక్కాలో తెలియక నన్ను పట్టుకుంటారు. నేను చేసేది పెన్‌టెస్టింగ్, అంటే కంపెనీలు డబ్బిచ్చి, రాతపూర్వకంగా అనుమతిచ్చి మరీ తమ సిస్టమ్స్ మీద దాడి చేయించుకునే పని. అడిగేవాళ్లకి విడివిడిగా చెప్పీ చెప్పీ అలసిపోయి అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: టూల్స్ వస్తే హ్యాకింగ్ వచ్చినట్టే

కాలీ 2013లో వచ్చింది, అంతకుముందు బ్యాక్‌ట్రాక్ అని ఉండేది. డెబియన్ అనే మామూలు లైనక్స్ మీద కట్టినదే, అందులోని టూల్స్ చాలావరకు మామూలు ఉబుంటులో కూడా వేసుకోవచ్చు. దానికి ఏ మహిమా లేదు.

కొత్తలో నేనూ టూల్స్ పిచ్చోడినే. ఒకసారి ఒక ఆఫీసు నెట్‌వర్క్ టెస్ట్ చేస్తూ, ఎక్కడో కనిపించిన ఎన్‌మ్యాప్ (నెట్‌వర్క్‌లో ఏ మెషీన్‌లో ఏ పోర్టులు, అంటే నంబర్లున్న తలుపులు, తెరిచున్నాయో చూసే టూల్) కమాండ్ కాపీ చేసి, అందులో ఆల్‌పోర్ట్స్ అనే ఆప్షన్ ఎందుకుందో కూడా చూడకుండా ఎంటర్ కొట్టేశాను. కాసేపటికి ఆ ఆఫీసులో ప్రింటర్లు వాటంతటవే పేజీలు కక్కడం మొదలుపెట్టాయి. ఒక్కో పేజీ మీద ఒకటో రెండో అర్థంకాని లైన్లు, మిగతాదంతా తెల్లకాగితం. సంగతేంటంటే చాలా నెట్‌వర్క్ ప్రింటర్లు 9100 పోర్టు తెరిచి పెట్టుకుని కూర్చుంటాయి, అక్కడికి ఏది వస్తే అది ప్రింట్ చేసేస్తాయి, వచ్చింది ఎవరిదో డాక్యుమెంటా లేక ఎన్‌మ్యాప్ లాంటి టూల్ వేసిన ప్రశ్నా అని చూడవు. అందుకే ఎన్‌మ్యాప్ రాసినవాళ్లు పోర్టు వెనక ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ ఉందో కనిపెట్టే స్కాన్‌లో ఆ పోర్టుని ముట్టుకోకుండా వదిలేసేలా ముందే పెట్టారు. నేను కాపీ కొట్టిన ఆప్షన్ చేసే పని ఆ జాగ్రత్తని తీసేయడం. మాన్యువల్లో స్పష్టంగా రాసే ఉంది, నేను చదవలేదు, అంతే. చేతిలో కాగితాల కట్టతో నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డ ఆ అడ్మిన్ ఒక్క మాట కూడా అనలేదు, తిట్టినా బాగుండేది.

కాబట్టి ముందు నేర్చుకోవాల్సింది మామూలు విషయాలు మామూలుగా ఎలా నడుస్తాయో. బ్రౌజర్‌లో ఒక అడ్రస్ కొట్టి ఎంటర్ నొక్కాక డీఎన్ఎస్ ఏం చేస్తుంది, టీసీపీ కనెక్షన్ ఎలా మొదలవుతుంది, టీఎల్ఎస్ ఎక్కడ వస్తుంది, లాగిన్ అయ్యాక ఆ మనిషివి నువ్వేనని సర్వర్‌కి ప్రతిసారీ ఎలా గుర్తుంటుంది, ఆ కుకీలో ఏముంటుంది, ఇదంతా ఒక కాగితం మీద గీసి పక్కవాళ్లకి అర్థమయ్యేలా చెప్పగలిగితే అప్పుడు టూల్స్ జోలికి వెళ్లండి. అప్పుడు టూల్ ఏం చేస్తోందో కూడా కనిపిస్తుంది.

అపోహ: కోడింగ్ రాకపోయినా నడిచిపోతుంది

కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత ఆగిపోతుంది. అలాగని పెద్ద ప్రోగ్రామర్ అయితేనే ఇటు రావాలన్నదీ తప్పే. రాయడం కన్నా చదవడం ముఖ్యం ఇక్కడ. ఎవరో రాసిన కోడ్ చూసి "వీడు ఇక్కడ ఎవరిని గుడ్డిగా నమ్మాడు?" అని అడగడం అలవాటు కావాలి.

2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే లోపం చూడండి. వెబ్‌సైట్ల కనెక్షన్లని ఇతరులు చదవకుండా కాపాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో హార్ట్‌బీట్ అని ఒక చిన్న ఏర్పాటు ఉండేది, నేను ఒక మాట పంపుతాను, దాని పొడవు ఇంత, అదే మాట నాకు తిరిగి పంపు, కనెక్షన్ బతికే ఉందని తెలుస్తుంది. పంపేవాడు నిజానికి ఒక్క అక్షరం పంపి పొడవు మాత్రం 64 వేలు అని చెబితే? సర్వర్ సరిచూసుకోకుండా ఆ ఒక్క అక్షరంతో పాటు మెమరీలో దాని పక్కనున్నదంతా తీసి ఇచ్చేసేది. ఆ పక్కన ఎవరి పాస్‌వర్డో ఉండొచ్చు, సర్వర్ ప్రైవేట్ కీ (ఎవరికీ తెలియకూడని రహస్య తాళంచెవి) కూడా ఉండొచ్చు. చెప్పిన పొడవు, వచ్చిన పొడవు సరిపోయాయా అని చూసే చిన్న తనిఖీ లేకపోవడమే అసలు లోపం. దీన్ని కనిపెట్టడానికి మెరుపు వేగంతో టైప్ చేయక్కర్లేదు, ఆ కోడ్‌ని అనుమానంగా చదవాలి.

పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాసుకోగలగడం, జావాస్క్రిప్ట్, ఎస్‌క్యూఎల్ చదివి అర్థం చేసుకోగలగడం, మొదటి ఏడాదికి ఇవి చాలు.

అపోహ: హ్యాకింగంటే ఎవరికీ తెలియని మహా రహస్యాలు

సినిమాల పుణ్యం. ఓవాస్ప్ అనే సాఫ్ట్‌వేర్ భద్రతా సంస్థ వాళ్లు వెబ్ అప్లికేషన్లలో ప్రమాదకరమైన పది లోపాల జాబితాని 2003 నుంచి ఇస్తున్నారు, 2021 జాబితాలో మొదటి స్థానం దేనిదో తెలుసా? యాక్సెస్ కంట్రోల్ సరిగ్గా లేకపోవడానిది. అంటే ఒకరు చూడాల్సింది ఇంకొకరు చూసేయగలగడం.

నా పనిలో ఎక్కువసార్లు దొరికేది కూడా అదే. టెస్ట్ కోసం రెండు అకౌంట్లు తెరుస్తాను, రెండూ నావే. మొదటిదాంట్లో లాగిన్ అయి బిల్లు తెరిస్తే, బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య నడిచేది చూపించే బర్ప్ సూట్ అనే టూల్‌లో ఆ రిక్వెస్ట్ కనిపిస్తుంది, చివర 48213 లాంటి ఒక నంబర్ ఉంటుంది. ఆ నంబర్ తీసేసి నా రెండో అకౌంట్ బిల్లు నంబర్ పెట్టి మళ్లీ పంపుతాను. 403 రావాలి, అంటే నీకు ఇది చూసే హక్కు లేదు అని. 200, అంటే సరే అని, వచ్చి రెండో అకౌంట్ బిల్లు తెరుచుకుంటే ఆ కంపెనీ కస్టమర్లందరి బిల్లులూ బయట పెట్టినట్టే. ఒకచోట ఇది రిపోర్ట్ చేస్తే సరిచేశామన్నారు, మళ్లీ టెస్ట్ చేశాను, పేజీకి నిజంగానే తాళం పడింది. కింద పీడీఎఫ్ డౌన్‌లోడ్ బటన్ మాత్రం ఎవరి బిల్లు అడిగితే వాళ్లది ఇస్తోంది! ఇలాంటివాటికి మేధస్సు కన్నా ఓపిక కావాలి, ప్రతి బటన్ నొక్కి చూసే ఓపిక. ఒక మాట, రెండో అకౌంట్ మీదే అయి ఉండాలి. పక్కవాడి బిల్లు తెరిచి "చూశారా, లోపం ఉంది" అంటే అది మీ తప్పే అవుతుంది.

పెద్ద దాడులు కూడా చాలావరకు ఇంతే. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై 2017 మేలో ప్రపంచమంతా పాకింది, అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్ మార్చిలోనే ఇచ్చేసింది. రెండు నెలలు చాలామంది వేసుకోని అప్‌డేట్, అంతే కథ.

అపోహ: ఉద్దేశం మంచిదైతే అనుమతి అక్కర్లేదు

దీని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. 1988లో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి ఒక ప్రోగ్రామ్‌ని ఇంటర్నెట్‌లోకి వదిలాడు. అది ఫైళ్లు చెరపదు, ఏదీ దొంగిలించదు. కానీ ఒకే కంప్యూటర్‌లోకి పదేపదే దూరుతూ పోయేసరికి వేల కంప్యూటర్లు ఊపిరాడక ఆగిపోయాయి. కోర్టు అతన్ని దోషిగా తేల్చి మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజ సేవ, 10,050 డాలర్ల జరిమానా వేసింది. చెడగొట్టాలని అనుకోలేదు అన్నది అతన్ని కాపాడలేదు.

మా పనిలో మొదటి రోజు ల్యాప్‌టాప్ తెరిచే ముందు చూసేది కాగితం. ఏ సర్వర్లు ముట్టుకోవచ్చు, ఏవి ముట్టుకోకూడదు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏదైనా పడిపోతే ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ అందులో ఉంటాయి. దీన్ని స్కోప్ అంటాం. అందులో లేని ఒక్క ఐపీ అడ్రస్‌ని తెలిసి ముట్టుకున్నా మీకూ బయటి దొంగకీ తేడా ఉండదు. ఇక ఫలానావాళ్ల ఇన్‌స్టాగ్రామ్ తెరిచి పెట్టమని అడిగేవాళ్లకి, దయచేసి నాకు మెసేజ్ పెట్టకండి.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం వచ్చేస్తుంది

ఇంటర్వ్యూ దాకా వస్తుందేమో. సర్టిఫికెట్లన్నీ ఒకటి కాదు కూడా. ఓఎస్‌సీపీ పరీక్షలో 23 గంటల 45 నిమిషాల పాటు పరీక్ష కోసం పెట్టిన మెషీన్ల మీద దాడి చేయాలి, ఆ తర్వాత రిపోర్ట్ రాయడానికి ఇంకో 24 గంటలు ఇస్తారు. ఆ రెండో భాగాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. క్లయింట్ డబ్బిచ్చేది ఆ రిపోర్ట్‌కే. మీరు దొరకబుచ్చుకున్న లోపం ఎంత పెద్దదైనా, దాన్ని సరిచేయాల్సిన డెవలపర్‌కి చదివితే అర్థం కాకపోతే అది అలాగే ఉండిపోతుంది. ఇంటర్వ్యూల్లో నేను అడిగే మొదటి ప్రశ్న కూడా "మీరు రాసినది ఏదైనా చూపిస్తారా" అనే.

అపోహ: బగ్ బౌంటీలో ఈజీ మనీ

బగ్ బౌంటీ అంటే లోపం కనిపెట్టి చెప్పినవాళ్లకి కంపెనీ డబ్బివ్వడం. బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ 1995లోనే ఇలాంటి పథకం పెట్టింది, ఐడియా పాతదే, డబ్బూ నిజమే. కానీ మీకు దొరికిన లోపం మీకన్నా ముందు ఇంకొకరు రాసేసి ఉంటే డూప్లికేట్ అని తిప్పి పంపుతారు. మొదటి కొన్ని నెలలు ఆ మాటే చదువుతారు. జీతం ఉన్నప్పుడు పక్కన చేసుకోండి, ఉద్యోగం మానేసి మాత్రం దిగకండి.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? ఓవర్‌ద‌వైర్ వాళ్ల బ్యాండిట్ అనే ఆట ఉంది, ఉచితం, మీరు ఆడుకోవడానికే పెట్టిన సర్వర్ కాబట్టి అనుమతి గురించి టెన్షన్ లేదు. ఎస్ఎస్‌హెచ్‌తో (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) 2220 పోర్టు మీద లాగిన్ అవ్వాలి, ఒక్కో లెవెల్‌లో తర్వాతి లెవెల్ పాస్‌వర్డ్ దాగి ఉంటుంది. మొదటిది చాలా తేలిక, రీడ్‌మీ ఫైల్ తెరిస్తే చాలు. దాని తర్వాతి లెవెల్‌లో ఫైల్ పేరు ఒక చిన్న అడ్డగీత, అంతే, ఇంకే అక్షరమూ లేదు. ఫైల్‌లో ఉన్నది చూపించే క్యాట్ కమాండ్ కొట్టి ఆ గీత పెట్టి ఎంటర్ నొక్కితే ఏమీ రాదు, ఎర్రర్ కూడా రాదు, కర్సర్ ఊరికే మెరుస్తూ కూర్చుంటుంది. సమాధానం ఎక్కడైనా దొరుకుతుంది, వెతక్కండి. ఆ కర్సర్ దేనికోసం ఎదురుచూస్తోందో మాన్యువల్ తెరిచి కనుక్కున్నాక నాకు మెసేజ్ పెట్టండి.