ఎక్మో ఎప్పుడు ఆపాలి? ఒక ప్లాస్టిక్ దారం తెచ్చిన ప్రశ్న

చెన్నై ఆసుపత్రుల్లో ఎక్మో మీద, అంటే గుండె, ఊపిరితిత్తుల పనిని ఒంటి బయటి నుంచి చేసే యంత్రం మీద, గొడవ మళ్లీ మొదలైంది. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో అంబులెన్సులో వచ్చిన కుటుంబం అడిగేది ప్రతిసారీ ఒకటే: మా మనిషి ఎప్పుడో పోయాడా? బిల్లు కోసం మెషీన్ మీద ఉంచారా? ఆసుపత్రి చెప్పే జవాబూ మారదు: మీ సంతకం తీసుకునే పెట్టాం, ఆఖరి దాకా ప్రయత్నించాం. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని బయటివాళ్లు తేల్చేస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నా ఈ గొడవ వచ్చి తీరుతుంది. దాని మూలం పాతికేళ్ల కిందట ఆ యంత్రం లోపల జరిగిన ఒక మార్పులో ఉంది.

1953లో అమెరికాలో గిబ్బన్ అనే సర్జన్ హార్ట్-లంగ్ మెషీన్ పెట్టి గుండె ఆపరేషన్ చేయడం, 1975లో డాక్టర్ బార్ట్‌లెట్ కాలిఫోర్నియాలో ఒక పసికందును ఎక్మోతో బతికించడం చాలాసార్లు చెప్పుకున్న కథలే. యంత్రం చేసే పని కూడా ఇప్పుడు చాలామందికి తెలుసు. లావుపాటి సిర నుంచి నల్లబడిన రక్తాన్ని గొట్టంతో బయటికి లాగుతారు. పంపు దాన్ని ఆక్సిజనేటర్‌లోకి తోస్తుంది. అందులో ఆక్సిజన్ ఎక్కి, కార్బన్ డయాక్సైడ్ దిగిపోయి, ఎర్రబడిన రక్తం మళ్లీ ఒంట్లోకి వెళుతుంది. తిరిగి సిరలోకే పంపితే ఊపిరితిత్తులకు మాత్రమే ఆసరా, దాన్ని వీవీ అంటారు. ధమనిలోకి పంపితే గుండె పని కూడా యంత్రమే చేస్తుంది, అది వీఏ. గొడవలు ఎక్కువగా వచ్చేది ఈ రెండో దానిలోనే.

అసలు చిక్కంతా ఆక్సిజనేటర్‌లో ఉండేది. ఆపరేషన్ థియేటర్లో కొన్ని గంటలపాటు వాడే ఆక్సిజనేటర్లలో పాలీప్రొపిలీన్ దారాలు ఉంటాయి. ప్రతి దారం ఒక బోలు గొట్టం. లోపల గాలి, బయట రక్తం. గొట్టం గోడ నిండా కంటికి కనిపించని రంధ్రాలు, వాటి దగ్గర గాలీ రక్తమూ నేరుగా తగులుకుంటాయి. బైపాస్ ఆపరేషన్‌కు ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. సమయం గడిచేకొద్దీ రక్తంలోని కొవ్వు పదార్థాలు ఆ రంధ్రాల అంచులకు పట్టేస్తాయి. తడిని దూరంగా ఉంచే గుణం పోయి, ప్లాస్మా మెల్లగా దారం లోపలికి ఊరడం మొదలవుతుంది. గాలి బయటికి పోయే గొట్టం దగ్గర లేత పసుపు నురగ కనిపించిందంటే ఆ ఆక్సిజనేటర్ పని అయిపోయినట్టే. ఆ యంత్రాన్ని నడిపే పర్‌ఫ్యూజనిస్టు పరుగున వచ్చి, పంపు ఆపి, కొత్తది బిగించాలి. ఒకటి రెండు రోజులకే ఈ పరిస్థితి రావచ్చు. మార్చే ఆ కొద్ది సేపూ రోగికి ప్రాణగండమే.

రెండో దారి సిలికాన్. రంధ్రాలు లేని పొర కాబట్టి ప్లాస్మా ఊరదు, రోజుల తరబడి నిలుస్తుంది. కానీ దాని గుండా ఆక్సిజన్ దాటడం కష్టం కాబట్టి చాలా పెద్ద పొర కావాలి. దాని మీదుగా రక్తాన్ని తోయడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. మొదట ద్రవంతో నింపి గాలి బుడగలన్నీ తీయడానికే చాలా సేపు పట్టేది. అనుభవం ఉన్న మనిషి రాత్రీ పగలూ పక్కనే కూర్చోవాలి. అందుకే తొంభైల దాకా ఎక్మో కొద్ది సెంటర్లకే పరిమితమైంది, అక్కడా ఎక్కువగా పసిపిల్లలకే వాడారు.

2000 తర్వాతి తొలి ఏళ్లలో యూరప్‌లో పాలీమిథైల్‌పెంటీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన దారం వాడకంలోకి వచ్చింది. జర్మనీలోని వుప్పర్టాల్ నుంచి వచ్చిన దారం ఇది. బయటి వ్యాసం 380 మైక్రాన్లు, సేమియా పోగు కంటే సన్నం. దీని గోడ లోపల కూడా రంధ్రాలు ఉంటాయి, కానీ రక్తం తగిలే పైపొర మూసుకుని ఉంటుంది. వాయువు దాటుతుంది, ప్లాస్మా దాటదు. వేలకొద్దీ ఇలాంటి దారాలను పొరలు పొరలుగా అల్లి, 1.8 చదరపు మీటర్ల ఉపరితలాన్ని రెండు చేతుల్లో పట్టే పెట్టెలో ఇమిడ్చారు. రక్తం తేలిగ్గా పారుతుంది కాబట్టి చిన్న సెంట్రిఫ్యూగల్ పంపు సరిపోయింది. సర్క్యూట్ నిమిషాల్లో సిద్ధమవుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ మందు మోతాదు సరిగ్గా చూసుకుంటే అదే ఆక్సిజనేటర్ రెండు వారాలు, ఒక్కోసారి అంతకు మించీ పనిచేస్తుంది.

ఇంజినీరింగ్ పరంగా ఇది గొప్ప విజయం, దీనివల్ల బతికి ఇంటికి వెళ్లిన వాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఈ దారం రాకముందు ఎప్పుడు ఆపాలన్న ప్రశ్నకు చాలాసార్లు యంత్రమే జవాబు చెప్పేది. నురగ వచ్చేది, లేదా రాత్రింబవళ్లు కూర్చునే మనుషులు అలసిపోయేవారు. ఇప్పుడు యంత్రం ఆగదు, ఎవరో ఒకరు ఆపాలి. ఎవరు ఆపాలి, ఎవరిని అడిగి ఆపాలి, ఎన్నో రోజున అడగాలి అన్నది ఆ పెట్టెతో పాటు ఎవరూ రాసి పంపలేదు. చెన్నైలో ఈ రోజు జరుగుతున్న గొడవకు మొదలు ఇక్కడే ఉందని నా నమ్మకం.

మన దగ్గర దీన్ని తొలిసారి అందరూ చూసింది 2016 డిసెంబర్‌లో. 4వ తేదీ సాయంత్రం జయలలితకు గుండె ఆగింది, ఆసుపత్రి ఎక్మో పెట్టింది. 5వ తేదీ రాత్రి 11.30కి మరణించారని ప్రకటించింది. తర్వాత విచారణ జరిపిన జస్టిస్ ఆరుముగస్వామి కమిషన్ నివేదిక 2022 అక్టోబర్‌లో తమిళనాడు అసెంబ్లీ ముందుకు వచ్చింది. సాక్షుల మాటలను బట్టి మరణం 4వ తేదీ మధ్యాహ్నమే జరిగిందని అందులో ఉంది. సుప్రీంకోర్టు చెప్పడంతో ఏర్పడిన ఎయిమ్స్ వైద్యుల బృందం మాత్రం ఆసుపత్రి చేసిన వైద్యం సరైనదేనని చెప్పింది. ఇన్నేళ్లయినా ఆ వాదన తెగలేదు. గుండె ఆగిన గడియకూ మరణం ప్రకటించిన గడియకూ మధ్య ఒక రోజుకు పైగా ఆ యంత్రం తిరిగింది. ఒక ముఖ్యమంత్రి విషయంలోనే మరణ సమయం ఏదన్నది వివాదమైతే, సూళ్లూరుపేట నుంచి వచ్చిన రైతు కుటుంబానికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

తెలుగు ఇళ్లల్లో ఎక్మో అనే మాట స్థిరపడింది మాత్రం 2020లో, బాలు గారితో. ఆగస్టు 5న చెన్నైలో ఆసుపత్రిలో చేరారు, సెప్టెంబర్ 25న పోయారు. మధ్యలో వారాల తరబడి వెంటిలేటర్, ఎక్మో. కుమారుడు చరణ్ వీడియోల కోసం మనమంతా రోజూ ఎదురుచూశాం. తండ్రి మెలకువగా ఉన్నారని, ఫిజియోథెరపీ చేయిస్తున్నారని విన్నప్పుడు ప్రతి ఇంట్లో ఆశ కలిగింది. ఆ ఆశకు ఆధారం లేకపోలేదు. అదే ఆగస్టులో, అదే ఆసుపత్రిలో, కొవిడ్‌తో ఊపిరితిత్తులు పాడై ఎక్మో మీదున్న మరో రోగికి రెండు ఊపిరితిత్తులూ మార్చారు. బాలు గారి తర్వాత జనం ఎక్మోను పేరు పెట్టి అడగడం మొదలుపెట్టారు. 2023 జనవరిలో కుప్పంలో కుప్పకూలిన తారకరత్నను బెంగళూరు తీసుకెళ్లినప్పుడు, ఎక్మో పెట్టారని ఛానళ్లు చెబుతుంటే, పెట్టలేదని ఆసుపత్రి బులెటిన్ ఇవ్వాల్సి వచ్చింది.

ఎక్మో ఎంతవరకు పనిచేస్తుందన్నది రోగాన్ని బట్టి మారుతుంది. ఊపిరితిత్తుల విషయంలో రుజువు కొంత మెరుగు. 2018లో వచ్చిన ఇయోలియా అధ్యయనంలో 60 రోజుల్లో మరణాలు ఎక్మో ఇచ్చిన వాళ్లలో 35 శాతం, మొదట మామూలు చికిత్సే ఇచ్చిన వాళ్లలో 46 శాతం. ఆ తేడా గణాంక పరీక్షకు నిలబడేంత గట్టిది కాకపోయినా, చాలామంది డాక్టర్లు దాన్ని నమ్మారు. గుండెపోటుతో షాక్‌లోకి, అంటే ఒంటికి చాలినంత రక్తం అందని స్థితిలోకి, వెళ్లిన వాళ్ల సంగతి వేరు. 2023లో జర్మనీ నుంచి వచ్చిన ఎక్ల్స్-షాక్ అధ్యయనంలో నాలుగు వందలకు పైగా రోగులున్నారు. 30 రోజుల్లో మరణాలు ఎక్మోతో 47.8 శాతం, లేకుండా 49 శాతం, అంటే తేడా లేనట్టే. రక్తస్రావం మాత్రం 23.4 శాతం మందికి వచ్చింది, రెండో గుంపులో అది 9.6 శాతమే. ఎక్మో పెట్టకూడదని ఈ అంకెల అర్థం కాదు. గుండెపోటు వచ్చిన ప్రతివాడికీ పెడితే లాభం లేదని మాత్రమే. ఈ అంకెలు రోగి బంధువులకు ఎవరైనా చెబుతున్నారా?

ఐసీయూలో మానిటర్ మీద ఒక ఎర్ర గీత ఉంటుంది, రక్తపోటు గీత. మామూలు మనిషికి అది ఎగిసి పడుతూ ఉంటుంది, ప్రతి ఎగుడూ గుండె ఒకసారి కొట్టుకున్నట్టు. వీఏ ఎక్మోలో గుండె పూర్తిగా చతికిలబడితే ఆ గీత దాదాపు తిన్నగా సాగుతుంది. పక్కన అంకె మాత్రం 65 అని బాగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఒత్తిడి పంపు ఇస్తున్నది. అద్దం అవతలి నుంచి బంధువులు అంకె చూస్తారు, డాక్టర్ గీత చూస్తాడు. "బీపీ బాగానే ఉందంటున్నారు కదా సార్, మరి మా నాన్న ఎందుకు లేవట్లేదు?" అని అడిగిన అబ్బాయికి ఆ గీత ఎవరూ చూపించి ఉండరు. మూడో రోజున చూపించి ఉంటే, పదో రోజున ఆ అబ్బాయి ఆసుపత్రి గుమ్మం దగ్గర గొడవ పడే అవసరం ఉండేది కాదు.

కుటుంబాల వైపు నుంచి చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. అర్ధరాత్రి ఎమర్జెన్సీ బయట ఒక ఫారం చేతికిస్తారు. నేను చూసిన అలాంటి ఫారాల్లో రక్తస్రావం, ఇన్ఫెక్షన్, కాలికి రక్తం అందకపోవడం, పక్షవాతం వంటి ప్రమాదాలన్నీ వరసగా రాసి ఉన్నాయి. ఎన్నో రోజున మళ్లీ కూర్చుని మాట్లాడతారో, గుండె కోలుకోకపోతే తర్వాత ఏమిటో ఒక్క వాక్యం కూడా లేదు. రెండో వారానికి ఊళ్లో పొలం తాకట్టుకు వెళుతుంది, ఎమ్మెల్యే చుట్టూ తిరిగి సీఎం రిలీఫ్ ఫండ్ ఎల్ఓసీ (ఆసుపత్రికి ప్రభుత్వం ఇచ్చే హామీ లేఖ) కోసం ప్రయత్నిస్తారు. భాష ఇంకో కష్టం. రౌండ్స్‌లో తమిళంలోనో ఇంగ్లీషులోనో రెండు ముక్కలు చెప్పి వెళ్లిపోతే, తెలుగొచ్చిన నర్సమ్మను వెతికి పట్టుకుని అర్థం చెప్పించుకునే వాళ్లను ఎందరినో చూశాం. ఇంత టెన్షన్‌లో ఉన్న మనిషిని "ఆపమంటారా?" అని అడిగితే, నాన్నను నేనే చంపుకున్నానన్న భారం జన్మంతా మోయాలి. అందుకే ఆపమని ఎవరూ అనరు. అనలేదు కాబట్టి కొనసాగించాం అంటుంది ఆసుపత్రి.

ఆసుపత్రుల వాదనలో న్యాయం లేదనను. ఆపితే చంపారంటారు, ఆపకపోతే దోచుకున్నారంటారు. పోలీసు కేసు భయం నిజమైనదే. చెన్నైలో వాళ్లకు ఇంకో కారణమూ ఉంది. దేశంలో ఎక్మో తర్వాతి దారి నిజంగా ఉన్న కొద్ది ఊళ్లలో ఇదొకటి. గుండె మార్పిడి చేసే టీములు ఉన్నాయి, దానికి తమిళనాడు 2008 నుంచి కట్టుకుంటూ వచ్చిన అవయవదాన వ్యవస్థ ఉంది. వేరే రాష్ట్రం వాళ్లు పేరు నమోదు చేసుకోవడానికి అడ్డంగా ఉన్న నివాస నిబంధనను తీసేయమని 2023లో కేంద్రమూ రాష్ట్రాలకు చెప్పింది. ఎల్‌వ్యాడ్ అనే గుండె పంపు కూడా ఉంది. ఆ మోడళ్లలో ఒకటైన హెచ్‌వ్యాడ్‌ను 2021 జూన్‌లో మెడ్‌ట్రానిక్ కంపెనీ అమ్మడం ఆపేశాక మిగిలింది ప్రధానంగా హార్ట్‌మేట్ 3. దాంతో అయిదేళ్లు బతికినవాళ్లు 58 శాతం అని అమెరికా అధ్యయనం చెప్పింది. ధర మాత్రం సామాన్యుడికి అందేది కాదు. కాబట్టి ఎక్మో మీదున్న రోగికి నిజమైన దారులు మూడే: సొంత గుండె కోలుకోవాలి, దాత గుండె దొరకాలి, లేదా పంపు కొనగలగాలి. ఈ మూడూ మూసుకుపోయాక గడిచే ప్రతి రోజూ బిల్లు తప్ప ఇంకేమీ కాదు. మూసుకుపోయాయని మొదట తెలిసేది డాక్టర్‌కే. చెప్పాల్సిన బాధ్యతా ఆయనదే.

చట్టం ఈ బాధ్యతకు దారి చూపించింది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కోలుకునే అవకాశం లేని రోగికి ప్రాణాధార యంత్రాలు తీసేయవచ్చని తీర్పు ఇచ్చింది. కానీ మేజిస్ట్రేటు స్వయంగా ఆసుపత్రికి రావాలన్న నిబంధన వల్ల అది కాగితం మీదే ఉండిపోయింది. 2023 జనవరి 24న దాన్ని సడలించారు. ఆసుపత్రిలో ఒక ప్రాథమిక వైద్య బోర్డు, దాని మీద రెండో బోర్డు, ఒక్కోదానికి 48 గంటల లోపు నిర్ణయం, కుటుంబం అంగీకారం ఉంటే చాలు. మేజిస్ట్రేటుకు తెలియజేస్తే సరిపోతుంది. 2024లో కేంద్ర ఆరోగ్య శాఖ ముసాయిదా మార్గదర్శకాలు పెట్టినప్పుడు, ఇది డాక్టర్ల మీద ఒత్తిడి పెంచుతుందని డాక్టర్ల సంఘం ఐఎంఏ అభ్యంతరం చెప్పింది. 2025 జనవరి 30న కర్ణాటక ప్రభుత్వం మాత్రం సుప్రీంకోర్టు తీర్పును అమలు చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది.

ఇప్పుడు చెన్నైలో గొడవ పడుతున్న కుటుంబాలు బిల్లు తగ్గించమని అడుగుతున్నాయి. ఆసుపత్రి ఎంతో కొంత తగ్గిస్తుంది, వాళ్లు శవాన్ని తీసుకుని వెళ్లిపోతారు, ఛానళ్లు మరో విషయానికి మారతాయి. వాళ్లు ఆసుపత్రిని రాతపూర్వకంగా అడగాల్సినవి వేరే ఉన్నాయి: ప్రాథమిక బోర్డు ఎన్నో రోజున కూర్చుంది? అసలు కూర్చుందా? మూడు దారుల్లో ఏది ఏ రోజున మూసుకుపోయిందని కేస్ షీట్‌లో రాశారు? ఆ మాట మాకు తెలుగులో ఎవరు చెప్పారు?